మోటర్‌హోమ్ కిటికీల దగ్గర గాలి రొద తగ్గించుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మేం టెక్సస్‌లో డాలస్ పక్కన ఉంటాం. మాది 2014 మోడల్ క్లాస్ సి మోటర్‌హోమ్, అంటే ఫోర్డ్ ఈ-450 వ్యాను చాసిస్ మీద ఇల్లులా కట్టిన బండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. కొన్న ఏడాదే అమ్మానాన్న గుంటూరు నుంచి వచ్చారు. వాళ్లకు పాలో డ్యూరో కెన్యన్ చూపిద్దామని 287 హైవే మీద అమరిల్లో వైపు బయల్దేరాం. విచిటా ఫాల్స్ దాటిన కాసేపటికి, భోజనం బల్ల దగ్గర కిటికీ పక్కన కూర్చున్న అమ్మ, "ఒరేయ్, నా చెవి పక్కనే ఎవరో ఈల వేస్తున్నట్టుందిరా. తల పగిలిపోతోంది" అంది.

ఆ ఈల ఎక్కడ పుడుతోందో తెలుసుకోవడానికి నాకు దాదాపు ఐదు నెలలు పట్టింది. మధ్యలో ఒక పొరపాటు కూడా జరిగింది, దాని సంగతి కింద రాశాను. ఆ తర్వాత ఆర్‌వీ (మోటర్‌హోమ్ లాంటి ఇంటి బండి) కొన్న మనవాళ్లు చాలామంది నన్ను ఇవే ప్రశ్నలు అడుగుతూ వచ్చారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే అన్నీ ఒక చోట రాసిపెడితే మేలనిపించింది.

అది గాలి రొదా, టైర్ల మోతా? ఎలా తెలుస్తుంది?

ఒకే వేగంతో వెళ్తూ వినండి. కాంక్రీటు రోడ్డు మీంచి తారు రోడ్డు మీదికి మారగానే శబ్దం మారితే అది టైర్లది. గేరు మారినప్పుడు మారితే ఇంజిన్‌ది. ఈ రెండింటికీ మారకుండా, పక్కనుంచి పెద్ద ట్రక్కు దాటినప్పుడో, గాలి వాటం మారినప్పుడో మారితే అది గాలి రొద.

ఆ రొదలోనూ రకాలున్నాయి. చెవులు పెట్టి వింటే సగం పని అక్కడే అయిపోతుంది. ఒకే స్వరంలో సాగే సన్నటి ఈల అయితే ఎక్కడో చిన్న చిల్లు గానీ, పదునైన అంచు గానీ ఉందని అర్థం. ఖాళీ సీసా మూతి మీద ఊదితే మోగుతుందే, అదే లెక్క. కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస్సుమంటే సీలు వదిలిన సందులోంచి గాలి లోపలికో బయటికో పోతోంది. పటపటమని కొట్టుకుంటుంటే రబ్బరు ముక్కో, ఊడిన అంచుపట్టీయో గాలికి ఆడుతోంది. ఇక బండి మొత్తం నుంచి వచ్చే గంభీరమైన హోరు ఒకటుంది. అది బండి ఆకారం వల్ల వచ్చేది. బీరువా లాంటి పెట్టెను గాలిలోకి తోసుకుంటూ పోతున్నాం కాబట్టి అది ఎంతో కొంత ఉంటుంది. మొదటి మూడూ పూర్తిగా తీసేయొచ్చు. నాలుగోదాన్ని తగ్గించడం వరకే మన చేతిలో ఉంది.

బండి ఆగి ఉన్నప్పుడు కిటికీ బిగుతుగానే కనిపిస్తుంది. గంటకు 60 మైళ్లు దాటగానే రొద ఎందుకు మొదలవుతుంది?

చాలామంది గాలి కిటికీని లోపలికి నెడుతుందనుకుంటారు. పక్క కిటికీల విషయంలో జరిగేది దాదాపు ఎప్పుడూ దానికి తిరగబడి ఉంటుంది. ముందు అద్దాన్ని తాకిన గాలి పక్కలకు తిరిగేటప్పుడు వేగం పుంజుకుంటుంది. వేగం పెరిగిన చోట ఒత్తిడి తగ్గుతుంది. దాంతో పక్క అద్దాలను, తలుపు పై అంచులను బయటికి లాగుతుంది.

గంటకు 65 మైళ్ల వేగంలో ఎదురుగాలి ఒత్తిడి చదరపు అడుగుకు 10 పౌండ్ల పైమాటే. అందులో సగం బలంతో లాగినా, 6 చదరపు అడుగుల కిటికీ మీద 30 పౌండ్ల లాగుడు పడుతుంది. ఆగి ఉన్నప్పుడు అతుక్కుని కనిపించే రబ్బరు ఆ లాగుడుకు వెంట్రుకవాసి జరిగితే చాలు. అందుకే డ్రైవ్‌వేలో నిలబెట్టి చూసి "అంతా బాగానే ఉంది" అనుకుంటే కుదరదు. అసలు పరీక్ష రోడ్డు మీదే.

అంత చిన్న సందుకే ఇంత రొదా?

అవును. గోడ వైశాల్యంలో నూరో వంతు ఖాళీ ఉన్నా, ఆ గోడ ఎంత మందంగా కట్టినా మొత్తం మీద 20 డెసిబెల్స్‌కు మించి శబ్దాన్ని ఆపలేదు. డబ్బు పోసి ఖరీదైన అద్దాలు వేయించుకుని, మూల దగ్గర సందు అలాగే వదిలేస్తే తేడా తెలియకపోవడానికి కారణం ఇదే.

మరి సందు ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి?

నా మాట నమ్మండి, ఈ పనిలో ముప్పాతిక వంతు వెతకడమే. చోటు తెలియకుండా ఏదీ పూయకండి, ఏదీ విప్పకండి. నాలుగు పద్ధతులున్నాయి, సులువైన దానితో మొదలుపెడతాను.

ముందు దుమ్ము చూడండి. మట్టి రోడ్డు మీద తిరిగొచ్చాక కిటికీ లోపలి అంచు చుట్టూ తెల్ల గుడ్డతో తుడవండి. ఒక చోట మాత్రమే సన్నటి దుమ్ము గీత కనిపిస్తే గాలి దారి అదే కావచ్చు.

తర్వాత కాగితం. తలుపులకు, తెరుచుకునే కిటికీలకు ఇది పనికొస్తుంది. ఒక డాలరు నోటు రబ్బరుకూ ఫ్రేముకూ మధ్య పెట్టి మూసి, లాగండి. పట్టి రావాలి. జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు చచ్చిపోయినట్టే. చుట్టూ ప్రతి నాలుగంగుళాలకూ ఒకసారి చూడండి.

మూడోది సబ్బునీళ్లు. గ్యాస్ పరికరాలన్నీ ఆపేసి, కిటికీలు, తలుపులు మూసేసి, పైకప్పు ఫ్యాన్‌ను గాలి లోపలికి తోసేలా పెట్టి పూర్తి వేగంలో తిప్పండి. లోపల ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు బయట ఫ్రేముల చుట్టూ స్ప్రే బాటిల్‌తో సబ్బునీళ్లు కొడితే సందు ఉన్న చోట బుడగలు లేస్తాయి. వాన నీళ్లు ఎక్కడ కారతాయో కూడా దీంతోనే తెలిసిపోతుంది కాబట్టి, గాలి రొద లేనివాళ్లు కూడా ఏడాదికి ఒకసారి చేసి చూడాలంటాను.

నాలుగోది, నేను అన్నిటికంటే నమ్మేది, టేపు పరీక్ష. పెయింట్ వేసేటప్పుడు వాడే నీలం టేపు రెండు రోళ్లు తెచ్చుకోండి. అనుమానం ఉన్న కిటికీ చుట్టూ, ఫ్రేము గోడను కలిసే గీత మీద, అద్దం ఫ్రేమును కలిసే గీత మీద, బయటివైపు పూర్తిగా అంటించండి. అదే రోడ్డు మీద, అదే వేగంతో, వీలైతే గాలి లేని తెల్లవారుజామున నడపండి. రొద ఆగిందా? అయితే చోటు టేపు కిందే ఉంది. ఇక ఒక్కో వైపు టేపు తీస్తూ మళ్లీ మళ్లీ నడపండి. ఏ వైపు తీసినప్పుడు రొద తిరిగొచ్చిందో, దొంగ అక్కడే. టేపు అన్ని వైపులా ఉన్నా రొద ఆగకపోతే ఆ కిటికీకి సంబంధం లేదు, పక్కదానికి వెళ్లండి. ఎండలో టేపును రోజుల తరబడి వదిలేస్తే జిగురు అంటుకుపోతుంది, సాయంత్రానికి పీకేయండి.

వినే పని డ్రైవర్‌ది కాదు. ఇంకొకరు సీటు బెల్టు పెట్టుకుని కూర్చుని వినాలి. రెండడుగుల రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, రెండో కొస ఫ్రేము వెంబడి పెట్టి జరుపుతూ పోతే చోటు బాగా దొరుకుతుంది. మా పెద్దవాడు ఈ పని చాలా శ్రద్ధగా చేస్తాడు.

ఫ్రేముకూ గోడకూ మధ్య సందు ఉందని తేలింది. ఏం చెయ్యాలి?

ఇక్కడ కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది సరిగ్గా చేస్తే ఏళ్ల తరబడి మళ్లీ ముట్టుకోనక్కర్లేదు.

అమెరికాలో తయారయ్యే ఆర్‌వీల్లో చాలావాటికి కిటికీ రెండు భాగాలుగా ఉంటుంది. బయట అల్యూమినియం ఫ్రేము, లోపల దాన్ని గోడకు బిగించే చట్రం. మధ్యలో గోడ. బయటి ఫ్రేము అంచుకూ గోడకూ మధ్య బ్యూటిల్ టేపు ఉంటుంది. బంకమన్ను లాంటి జిగురు పట్టీ అది. ఎండకు, చలికి, కుదుపులకు కొన్నేళ్లకు ఎండిపోయి, కుంచించుకుని సందు వదులుతుంది.

ముందుగా లోపలి చట్రం స్క్రూలు చేత్తో బిగించి చూడండి. చాలా బండ్లలో ఇవి కుదుపులకు వదులైపోయి ఉంటాయి, ఇంతటితోనే రొద పోయిన బండ్లు నేను చూశాను. పవర్ డ్రిల్ వద్దు, స్క్రూ గాడి అరిగిపోతుంది. ఒక మూల బిగించాక దానికి ఎదురు మూల, అలా మార్చి మార్చి బిగించండి.

అలా కుదరకపోతే కిటికీ తీసి మళ్లీ కూర్చోబెట్టాలి. ఇద్దరు కావాలి. ఒకరు లోపల స్క్రూలు విప్పుతుంటే, రెండోవాళ్లు బయట ఫ్రేమును పట్టుకోవాలి, లేకపోతే కింద పడుతుంది. కిటికీ బయటికి వచ్చాక పాత బ్యూటిల్‌ను ప్లాస్టిక్ గరిటెతో గీకి, మినరల్ స్పిరిట్స్‌తో (పెయింట్ పల్చబరిచే ద్రవం) తుడిచి, అంచు శుభ్రంగా ఆరనివ్వండి. ఈ సమయంలో గోడ లోపలి చెక్కను వేలితో నొక్కి చూడండి. మెత్తగా ఉంటే నీళ్లు దిగి కుళ్లుతోందని. అప్పుడు రొద సంగతి తర్వాత, ముందు ఆ చెక్క సంగతి చూడాలి.

కొత్త బ్యూటిల్ టేపును ఫ్రేము అంచు వెనక చుట్టూ సాగదీయకుండా అంటించండి. రెండు కొసలు కలిసే చోటు కింది వైపు రానివ్వండి. మూలల దగ్గర సందు వదలొద్దు, గాలి మొదట వెతికేది మూలలనే. కిటికీ మళ్లీ పెట్టి స్క్రూలు సమానంగా బిగిస్తే బ్యూటిల్ చుట్టూ కొద్దిగా బయటికి పొంగాలి. ఎక్కడ పొంగలేదో అక్కడ పట్టు సరిగ్గా లేదు. మర్నాడు ఇంకోసారి బిగించి, పొంగినదాన్ని ప్లాస్టిక్ కత్తితో కోసేయండి. చలిలో బ్యూటిల్ రాయిలా ఉంటుంది, ఎండ కాసే రోజు చూసుకోండి.

ఆపైన ఆర్‌వీ గోడలకు వాడే, జారకుండా నిలిచే రకం సీలెంట్‌ను పై అంచుకూ రెండు పక్కలకూ సన్నగా పూయండి. పైకప్పుకు వాడే తనంతట తాను పరుచుకునే రకం తెచ్చి గోడకు పూస్తే కిందికి కారిపోతుంది. కింది అంచు మాత్రం వదిలేయండి. ఎప్పుడైనా లోపలికి నీళ్లు చేరితే పోవడానికి దారి ఉండాలి.

ఇంట్లో సిలికాన్ ట్యూబు ఉంది. దాన్నే చుట్టూ పూసేస్తే?

వద్దండి. నా అనుభవం చెప్తాను.

టేపు పరీక్షలో మా కిటికీ కింది అంచు మీద టేపు వేస్తే ఈల ఆగింది. అంటే కింద ఫ్రేముకూ గోడకూ మధ్య సందు ఉందని నేను తేల్చేసుకున్నాను. ఒక సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లి అదే చెప్పాను. వాళ్లు కింది అంచు పొడవునా మందంగా సిలికాన్ పూసి ఇచ్చారు. ఈల నిజంగానే ఆగిపోయింది, ఎంతో సంతోషించాం. నెల తిరక్కుండా పెద్ద వాన పడింది. తెల్లారి చూస్తే కిటికీ కింద వాల్‌పేపర్ ఉబ్బి ఉంది, చేత్తో నొక్కితే తడి. సిలికాన్ కిటికీ కింద ఉండే నీళ్లు పోయే చిల్లులను మూసేసింది. అద్దం గాడిలో నిండిన నీళ్లకు బయటికి దారి లేక గోడలోకి దిగాయి.

సిలికాన్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. ఒకసారి పూశాక దాని మీద మరేదీ అంటుకోదు. దాన్ని గీకి తీయడానికి నాకు రెండు శనివారాలు పట్టింది.

ఆ నీళ్లు పోయే చిల్లులు ఏమిటి? వాటి వల్ల కూడా ఈల వస్తుందా?

జరిగే అద్దాలున్న కిటికీల ఫ్రేము కింద బయటివైపు రెండో మూడో సన్నటి గాట్లు ఉంటాయి. వాననీళ్లు, లోపలి చెమ్మ గాడిలోకి చేరితే వాటిలోంచి బయటికి పోతాయి. చాలా ఫ్రేముల్లో ఆ గాట్ల మీద చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది. నీళ్లను వదులుతుంది, గాలిని అడ్డుకుంటుంది. ఎండకు పెళుసెక్కి అవి ఊడిపోతాయి. మూత లేని గాటు మీదుగా గాలి వేగంగా దూసుకుపోతే సీసా మీద ఊదినట్టే మోగుతుంది.

అమ్మ చెవి దగ్గర మోగిన ఈల అదే. సిలికాన్ అంతా తీసేశాక చూస్తే మూడు గాట్లలో రెండింటికి మూతల్లేవు. ఆర్‌వీ విడిభాగాల దుకాణంలో కొలత చూసి కొత్తవి తెచ్చి నొక్కాను. నిమిషం పని. కాబట్టి కింది అంచు దగ్గర రొద అనిపిస్తే అన్నిటికంటే ముందు ఈ మూతలు లెక్కపెట్టండి. గాట్లలో చేరిన మట్టిని పళ్లు కుట్టుకునే పుల్లతో తీసి, గాడిలో గ్లాసుడు నీళ్లు పోసి బయటికి వస్తున్నాయో లేదో చూడండి.

జరిగే అద్దం గాడిలో గడగడలాడుతోంది, గాలి కూడా వస్తోంది.

గాడిలో నూగులా ఉండే పట్టీ అరిగిపోయి ఉంటుంది. దాన్ని లాగేసి, కింద పట్టీ వెడల్పు, నూగు ఎత్తు కొలిచి అదే కొలత కొత్తది దూర్చాలి. ఎత్తు ఎక్కువైతే అద్దం కదలదు, తక్కువైతే మళ్లీ అదే కథ. రెండు అద్దాలు కలిసే నిలువు పట్టీ దగ్గర కూడా నూగు ఉంటుంది, చాలామంది దాన్ని మర్చిపోతారు. గొళ్లెం వేసినప్పుడు అద్దం చివరి వరకూ వెళ్లి గట్టిగా నొక్కుకోవాలి.

డ్రైవర్ పక్క తలుపు కిటికీ దగ్గరే రొద ఎక్కువ. అదీ ఇదేనా?

కాదు, అది వ్యాను తలుపు, లెక్క వేరు. వేగంలో తలుపు పైభాగం బయటికి లాగబడుతుందని పైన చెప్పాను కదా, దాని ప్రభావం ఎక్కువగా కనిపించేది ఇక్కడే. నోటు పరీక్ష పై మూలల దగ్గర చేయండి. రబ్బరు బీడింగు నొక్కుకుపోయి పల్చబడితే కొత్తది వేయించండి. రబ్బరు బాగానే ఉంటే, తలుపు కొక్కెం పడే స్ట్రైకర్‌ను ఒక మిల్లీమీటరు లోపలికి జరపండి. పాత చోటు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసుకున్నాకే బోల్టులు వదులు చేయండి. తలుపు మామూలుగా మూసినప్పుడు రెండు దశల్లోనూ గొళ్లెం పడుతోందో లేదో తప్పకుండా చూసుకోండి.

తలుపు సందులో అదనంగా అంటించుకునే బోలు రబ్బరు పట్టీలు దొరుకుతాయి. ఈపీడీఎం (ఎండావానలకు తట్టుకునే కృత్రిమ రబ్బరు) రకంవి తీసుకోండి, ఇంటి తలుపులకు వేసే మెత్తటి ఫోమ్ వద్దు. అది నీళ్లు పీల్చుకుంటుంది, ఒక వేసవికే పొడి అయిపోతుంది.

కిటికీలన్నీ టేపుతో మూసినా రొద తగ్గలేదు. ఇంకెక్కడ చూడాలి?

చెవికి కిటికీ దగ్గర వినిపించింది కదా అని కిటికీలోనే పుట్టిందనుకోకూడదు. శబ్దానికి గోడకంటే అద్దం పల్చటి దారి. బయట ఎక్కడ పుట్టినా అద్దంలోంచే చెవికి చేరుతుంది.

పక్క అద్దాలు, అంటే మిర్రర్లు, వాటి కాళ్లు ముందుగా చూడండి. వాటి కీలు సందుల మీద టేపు వేసి నడిపితే తెలిసిపోతుంది. తర్వాత వెనక నిచ్చెన. గొట్టం మెట్ల కొసల్లో మూతలు ఊడితే పిల్లనగ్రోవిలా మోగుతుంది. అవ్నింగ్ (నీడ కోసం బండి పక్కన చాపే గుడ్డ) చుట్ట వదులైతే పటపటలాడుతుంది. పైకప్పు వెంటిలేటర్ మూతలు, యాంటెనా, వాడకుండా వదిలేసిన స్క్రూ చిల్లులు, అంచు లేచిన స్టిక్కర్లు కూడా చూడండి. పైన అడ్డంగా ఉండే రాక్ కడ్డీ ఒకే స్వరంలో హోరెత్తుతుంటే దాని చుట్టూ సన్నటి తాడును మెలికలుగా, అంగుళాల ఎడంతో చుట్టండి. గాలి ఒక లయలో సుడులు తిరగడం వల్ల ఆ మోత పుడుతుంది, తాడు ఆ లయను చెదరగొడుతుంది. కారు యాంటెనాల మీద మెలిక తీగ చుట్టి ఉండడం గమనించారా? కారణం ఇదే.

స్లైడ్-అవుట్ (బండి ఆపాక గోడలోంచి బయటికి జరిగే గది భాగం) ఉన్న బండి అయితే, లోపలికి లాగాక దాని చుట్టూ ఉన్న రబ్బరు అంచు మడత పడిందేమో చుట్టూ నడిచి చూడండి. మడత పడిన రబ్బరు గాలినీ, వాననూ రెండింటినీ రానిస్తుంది.

ముందు అద్దం మార్చాక రొద మొదలైంది.

ఇది మీరు సొంతంగా సరిచేసే పని కాదు, మార్చినవాళ్ల దగ్గరికి తిరిగి వెళ్లండి. ఒక్కోసారి అంచుపట్టీ సరిగ్గా కూర్చోకపోయి ఉంటుంది, అది చిన్న సంగతే. కానీ అద్దాన్ని పట్టి ఉంచే యురేథేన్ జిగురులో సందు మిగిలి ఉంటే అది భద్రతకు సంబంధించింది. ఆలస్యం చేయకండి.

ఎర్ర పిడులున్న కిటికీ నుంచి గాలి వస్తోంది. దాన్ని శాశ్వతంగా మూసేయొచ్చా?

ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అది ప్రమాదంలో బయటపడే దారి. మంట లేచినప్పుడు తలుపు వైపు వెళ్లలేకపోతే మీ పిల్లలు, పెద్దవాళ్లు బయటపడాల్సింది దాంట్లోంచే. జిగురు పూయొద్దు, స్క్రూ కొట్టొద్దు, టేపు అంటించి వదిలేయొద్దు. అక్కడ చేయగలిగింది ఒక్కటే, దాని రబ్బరు మార్చి, పిడులు సరిగ్గా పడేలా చూడడం. ఏడాదికి రెండుసార్లు తెరిచి మూయండి, రబ్బరు అతుక్కుపోకుండా ఉంటుంది. అమ్మానాన్న వచ్చినప్పుడు బండి ఎక్కగానే వాళ్లచేత ఒకసారి ఆ కిటికీ తెరిపిస్తాను.

రొద తగ్గడానికి వెనక కిటికీ కొంచెం తెరిచి పెట్టుకోవచ్చా?

ఒక కిటికీ తెరిస్తే వచ్చే గుప్ గుప్ మోత ఇంకోటి తెరిస్తే తగ్గే మాట నిజమే. కానీ బండి వెనక గాలి ఒత్తిడి తక్కువగా ఉంటుంది, పొగ గొట్టం వాయువులు అక్కడే తిరుగుతుంటాయి. వెనక కిటికీ తెరిస్తే అవి లోపలికి రావచ్చు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. వెనక పడుకున్న వాళ్లకు అది ప్రాణాంతకం.

సౌండ్ డెడనింగ్ షీట్లు, దళసరి కర్టెన్లు, రెండు పొరల అద్దాలు పనిచేస్తాయా?

సందులన్నీ మూసిన తర్వాత అయితే, చేస్తాయి. బ్యూటిల్ షీట్లు రేకు అదురును తగ్గిస్తాయి, తలుపు లోపల అతికిస్తే తేడా తెలుస్తుంది. గాలి దూరే సందును అవేమీ చేయలేవు. డ్రైవర్ సీట్ల వెనక దళసరి కర్టెన్ వేస్తే వెనక కూర్చున్నవాళ్లకు కొంత హాయి. రెండు పొరల అద్దం హోరును తగ్గిస్తుంది, కానీ రొద కోసమే మార్చడం డబ్బు దండగని నా అభిప్రాయం. నా పనంతా కలిపి 70 డాలర్లు దాటలేదు.

కొన్ని రోజులు అసలు రొద ఉండదు, కొన్ని రోజులు భరించలేం. ఏం పాడైంది?

ఏమీ పాడవలేదేమో. స్పీడోమీటర్ చూపించేది రోడ్డు మీద వేగం. కిటికీకి తెలిసేది గాలి వేగం. 60లో వెళ్తుంటే 20 మైళ్ల ఎదురుగాలి ఉంటే కిటికీకి అది 80. గాలి రొద శక్తి వేగానికి సుమారు ఆరో ఘాతంగా పెరుగుతుంది, అంటే ఈ తేడాకే 7 డెసిబెల్స్ పైన. అదే లెక్కన 65 నుంచి 55కి తగ్గితే 4 డెసిబెల్స్ పైన తగ్గుతుంది. ఏ సీలెంటూ ఇంత సులువుగా అంత తగ్గించలేదు.

అమరిల్లో చుట్టుపక్కల, వయోమింగ్‌లో ఐ-80 మీద లారమీ, రాలిన్స్ మధ్య, కాలిఫోర్నియాలో పామ్ స్ప్రింగ్స్ దగ్గర ఐ-10 మీద గాలి సంగతి అందరికీ తెలిసిందే. వయోమింగ్‌లో గాలి మరీ ఎక్కువైతే తేలికపాటి ఎత్తయిన వాహనాలకు ఆ రోడ్డు మూసేస్తారు కూడా. అలాంటి చోట్లకు పొద్దున్నే బయల్దేరి, గాలి లేవకముందే దాటేయడం మేలు. పక్కగాలి బండిని తోస్తుంటే రొద గురించి ఆలోచించే సమయం కాదు, ఆగిపోండి.

ఎంత రొద ప్రమాదకరం? ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుని నడపొచ్చా?

అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫార్సు ప్రకారం 8 గంటలకు 85 డెసిబెల్స్ హద్దు. ఐఫోన్‌లో వాళ్లదే ఉచిత కొలత యాప్ ఉంది, పక్క సీటులో ఉన్నవాళ్లను కొలవమనండి. హద్దు దాటకపోయినా అలసట మాత్రం తప్పదు. ఐదు గంటలు ఈల విన్నాక డ్రైవర్ చిరాకు, టెన్షన్ వేరే చెప్పాలా? అందుకే దీన్ని చిన్న విషయంగా తీసేయొద్దంటాను. ఇయర్‌ప్లగ్స్ విషయంలో రాష్ట్రాల చట్టాలు చూసుకోండి. కాలిఫోర్నియాలో రెండు చెవులూ మూసుకుని నడపడం మామూలుగా నిషేధం.

బండి అద్దెది. నేనేం చెయ్యగలను?

నీలం టేపు ఒక రోలు, డాలరు నోటు, మీ చెవులు. బయల్దేరే ముందు అన్ని కిటికీల గొళ్లేలు, వెంటిలేటర్ మూతలు సరిగ్గా పడ్డాయో లేదో చూడండి. రొద ఎక్కడో కనిపెడితే రోజూ సాయంత్రం తీసేసేలా టేపు వేసుకోండి, తిరిగి ఇచ్చేటప్పుడు రాసి ఇవ్వండి. సీలెంట్ మాత్రం ముట్టుకోకండి.

యూరప్‌లో, ఇండియాలో బండ్లకూ ఇవే పనిచేస్తాయా?

లండన్‌లో ఉన్న మా బావమరిది బండికి పైకి తెరుచుకునే అక్రిలిక్ కిటికీలున్నాయి. వాటి గొళ్లేలకు రెండు స్థానాలుంటాయి, ఒకటి కొంచెం గాలి ఆడేందుకు, ఒకటి పూర్తిగా మూయడానికి. మొదటి స్థానంలో వదిలేసి హైవే ఎక్కితే ఈల ఖాయం, కిటికీ ఊడిపోయే ప్రమాదం కూడా ఉంది.

ఇండియాలో ఎక్కువగా ఫోర్స్ ట్రావెలర్ లాంటి బండ్ల మీద క్యాంపర్లు కడతారు. వేగం తక్కువ కాబట్టి రొద కంటే దుమ్ము రూపంలో ఈ సమస్య ముందు బయటపడుతుంది. అద్దం చుట్టూ రబ్బరు బీడింగు మూలల దగ్గర కుంచించుకుని సందు వదలడమే అక్కడ పెద్ద కారణం. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల బస్సు బాడీలు కట్టేవాళ్లకు ఈ పని కొట్టిన పిండి. బీడింగును సాగదీసి కొయ్యొద్దని, మూల దగ్గర అర అంగుళం ఎక్కువే ఉంచమని చెప్పండి. సాగదీసిన రబ్బరు వేసవి గడిచేసరికి వెనక్కి పోతుంది.

మళ్లీ రాకుండా ఏం చూసుకోవాలి?

ఏడాదికి రెండుసార్లు రబ్బర్లన్నీ సబ్బునీళ్లతో కడిగి ఆరాక సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. పైన వద్దన్న సిలికాన్ సీలెంట్, ఈ గ్రీజు వేర్వేరు. పెట్రోలియం నూనెలు, వాసెలిన్ వాడొద్దు, ఈపీడీఎం రబ్బరు వాటికి ఉబ్బి పాడవుతుంది. అప్పుడే లోపలి చట్రం స్క్రూలు ఒకసారి చేత్తో తిప్పి చూడండి, చిల్లుల మూతలు లెక్కపెట్టండి. మా బండికి ఐదు కిటికీలు, పదమూడు మూతలు. డ్రైవర్ సీటు పక్కన ఒక డబ్బాలో అదనంగా నాలుగు ఎప్పుడూ ఉంటాయి.